ఉప్పుగాలికి జంకని పొన్న

ఈసారి 'పెరటి ప్రశ్నలు' శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖ తీరం నుంచే. సముద్రం పక్కన బతికే, తెల్లగా పూసే, వాసన ఉన్న చెట్టు ఏదని అడిగినవారు కొందరు. పొన్న నాటి చిక్కుల్లో పడ్డవారు ఇంకొందరు. అందుకని ఈ నెల పేజీలు పొన్నకే ఇచ్చేశాం. మధ్యలో పారిజాతం, దేవగన్నేరు కూడా కాస్త తగులుతాయి.

ప్రశ్న: మా ఇల్లు బీచ్‌రోడ్డుకి రెండు వీధుల వెనక. సంపెంగ రెండుసార్లు వేశాం, మామిడంటు ఒకసారి. అన్నీ అంచుల నుంచి ఆకు మాడిపోయి చచ్చాయి. నీళ్లు చాల్లేదని కొందరు, ఎరువు ఎక్కువైందని కొందరు అంటున్నారు. తెల్లపూలు, మంచి వాసన ఉండి ఈ గాలికి నిలిచే చెట్టు చెప్పండి. – లాసన్స్ బే కాలనీ

జవాబు: నీళ్లూ కాదు, ఎరువూ కాదు, ఉప్పు అయి ఉంటుంది. తేల్చుకోవడం సులువే. చెట్టుకి సముద్రం వైపున్న ఆకులే మాడి, ఇంటి వైపువి పచ్చగా ఉంటే అది ఉప్పుగాలి పని. నాలుగు వైపులా ఒకేలా మాడితే వేరు దగ్గర ఏదో తేడా ఉందని అర్థం. అల విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కొట్టుకొచ్చి ఆకు మీద ఆరిపోతుంది. మిగిలిన ఉప్పు ఆకులోని తడిని లాగేస్తుంది. కొంత ఆకు లోపలికే దిగి, నీటితోపాటు కొసలకీ అంచులకీ చేరి అక్కడ పేరుకుంటుంది. అంచు ముందు మాడేది అందుకే. వాన పడితే ఆకు కడుక్కుపోతుంది కాబట్టి నష్టం తక్కువ. వానల్లేకుండా గాలి మాత్రం వీచే రోజుల్లోనే మొక్క చస్తుంది.

సింహాచలం సంపెంగకి అంత పేరుంది కదా, ఇక్కడెందుకు బతకదని చాలామంది అడుగుతుంటారు. ఆ కొండకి మాటుంది, ఊట ఉంది, నీడ ఉంది. తీరం పక్క డాబా ముందు ఈ మూడూ ఉండవు.

మీకు తగింది పొన్న. శాస్త్రనామం కేలోఫిల్లం ఇనోఫిల్లం. మొదటి మాటకి గ్రీకులో 'అందమైన ఆకు' అని అర్థం, ఆ పేరు దానికి ఊరికే రాలేదు. తూర్పు ఆఫ్రికా ఒడ్డు నుంచి మన తీరాల మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఇసుక ఒడ్డుల్లోనూ రాతి ఒడ్డుల్లోనూ దానంతట అది మొలిచే చెట్టు. ఆకు అరచేతంత ఉండి తోలులా మందంగా, మైనం పూసినట్టు నిగనిగలాడుతుంది. ఆ నునుపు మీద ఉప్పు నిలవదు, నిలిచినా లోపలికి త్వరగా దిగదు. పువ్వు అంగుళం వెడల్పు. తెల్లటి రేకులు, మధ్యలో గుత్తిగా పసుపు కేసరాలు. వాసన తియ్యగా ఉంటుంది, కానీ సంపెంగలా వీధి చివరికి కొట్టదు. చెట్టు కిందికి వెళ్తేనే తెలుస్తుంది. ఇది ముందే చెప్పడం మంచిది, నాటాక నిరాశపడేవాళ్లున్నారు.

ఇక చోటు. అసలు చిక్కంతా ఇక్కడే. పెరిగిన పొన్న 30 నుంచి 50 అడుగుల ఎత్తు పోతుంది, గొడుగు కూడా ఇంచుమించు అంతే పరుచుకుంటుంది. మొదలు ఇంటి గోడకి 20 అడుగులు, ప్రహరీకి కనీసం 10 అడుగులు దూరంలో ఉండాలి. సెప్టిక్ ట్యాంకుకి, నీటి సంపుకి 15 అడుగులు వదలండి. ఆ చోటు మీకు లేకపోతే పొన్న జోలికి పోవద్దు. నరికి నరికి పొదలా ఉంచుతామంటే చెట్టూ పాడు, పువ్వూ దక్కదు. చిన్న జాగా అయితే దేవగన్నేరు వేసుకోండి, చివరన ఒక ఉత్తరంలో దాని సంగతి ఉంది. పొగడ కూడా ఉప్పుని కొంతవరకు ఓర్చుకుంటుంది, పువ్వు ఎండినా వాసన పోదు. అయితే అది ఒడ్డు మీద కాకుండా ఒక ఇంటి మాటున ఉంటే మేలు.

ఏది వేసినా మొదటి రెండేళ్లు, వాన లేకుండా గాలి గట్టిగా వీచిన రోజున సాయంత్రం మంచినీళ్లతో ఆకుల్ని తడిపి కడగండి. ఒక్క బక్కెట్టు చాలు.

ప్రశ్న: పున్నాగ కావాలని నర్సరీలో అడిగి తెచ్చాం. ఆరేళ్లలో రెండంతస్తుల ఎత్తు పెరిగింది. పూలు తెల్లగా పొడుగు కాడలతో పొద్దున్నే రాలుతున్నాయి, పిల్లలు దారం లేకుండా జడలా అల్లుకుంటున్నారు. పొన్న, పున్నాగ ఒకటే అంటారు. మీరు చెప్పే గుర్తులు మా చెట్టుకి కుదరడం లేదు. – మధురవాడ

జవాబు: మీది పొన్న కాదు. మన దగ్గర చాలా ఊళ్లలో పున్నాగ పూలంటూ పిల్లలు అల్లుకునేవి ఆకాశమల్లి పూలు. కాడమల్లి అన్నా అదే. శాస్త్రనామం మిల్లింగ్‌టోనియా. సంస్కృతంలో పున్నాగ అని ఎక్కువగా చెప్పేది పొన్ననే, వాడుకలో ఆ పేరు ఇటు జారింది. నర్సరీవారి తప్పేమీ లేదు, వాళ్లు జనం పిలిచే పేరుకే మొక్క ఇచ్చారు.

పువ్వు లేకుండానే గుర్తుపట్టొచ్చు. ఆకాశమల్లికి ఒక రెమ్మ మీద మునగలా చిన్నచిన్న ఆకులు బోలెడుంటాయి. పొన్నకి ఒక్కో కాడకి ఒక్కటే మందపాటి ఆకు, కొమ్మ మీద ఎదురెదురుగా జతలుగా వస్తుంది. ఆకుని వెలుతురుకి పట్టి చూస్తే నడి ఈనె నుంచి అంచు దాకా దువ్వెన పళ్లలా సన్నటి గీతలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. కాడ తుంచితే పాలు కారతాయి. ఈ మూడూ కుదిరితే పొన్నే. ఇంకో రెండు చెట్లు కూడా ఈ పేర్ల గందరగోళంలో ఉన్నాయి. ఒకటి సురపొన్న, దాని పూలు ముదురు కొమ్మలనే అంటిపెట్టుకుని పూస్తాయి. రెండోది నాగకేసరం, దాని లేత చిగురు ఎర్రగా ఉంటుంది. గుళ్లలో ఉత్సవాలకి తీసే పొన్నవాహనం మీద కృష్ణుడు కూర్చునేది మాత్రం పొన్న మీదే.

మీ చెట్టు గురించి ఒక హెచ్చరిక. ఆకాశమల్లి కలప పెళుసు, గాలివానకి కొమ్మలు విరుగుతాయి. వేళ్ల నుంచి పిలకలు కూడా వేస్తుంది. కారు నిలిపే చోటు మీదికి, కరెంటు తీగల మీదికి వచ్చిన కొమ్మల్ని వానాకాలం ముందే తీయించండి. పిలకలు కనిపించగానే మట్టి తవ్వి, వేరు దగ్గర తుంచేయాలి. పైపైన కోస్తే రెట్టింపు వస్తాయి.

ప్రశ్న: బీచ్‌లో ఏరుకొచ్చిన 40 పొన్నపిక్కలు పాతాం. మూడు నెలలైంది, రెండే మొలిచాయి. తవ్వి చూస్తే కొన్ని కుళ్లాయి, కొన్ని పాతినవి పాతినట్టే ఉన్నాయి. – భీమిలి

జవాబు: పాతినవి పాతినట్టే ఉండటం పొన్నకి సహజం. అది సముద్రంలో తేలిపోయి వేరే ఒడ్డున మొలవడానికి తయారైన పిక్క. పైన పలచటి కండ, దాని కింద గట్టి టెంక, టెంక లోపల బెరడులాంటి మెత్తటి పొర, అందులో పప్పు. ఈ కవచం ఉన్నంతసేపు నీరు లోపలికి వెళ్లదు. టెంకతో పాతితే మొలక రావడానికి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. టెంక పగలగొట్టి పప్పు పాతితే మూడు వారాల్లో వస్తుంది.

ఒడ్డున దొరికే పిక్కలతో ఒక ఇబ్బంది ఉంది. అవి ఎన్నాళ్లు తేలాయో, ఎన్నాళ్లు ఎండలో పడి ఉన్నాయో తెలియదు. చెట్టు కింద తాజాగా రాలినవి ఏరండి. గబ్బిలాలు పైకండ తిని వదిలేసినవి ఇంకా మంచివి, సగం పని అవి చేసిపెట్టాయి. పండు పసుపు తిరిగి గోధుమ రంగులోకి వస్తున్నప్పుడు ఏరాలి. పచ్చిగా ఉన్నప్పుడు కోసినవి మొలవవు.

ఏరినవాటిని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున గోనెసంచి మీద రుద్దితే కండ ఊడిపోతుంది. నీడలో ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత టెంకని రాతి మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా, తిప్పుతూ కొట్టాలి. ఒక్క దెబ్బకి పగలాలని కొడితే పప్పు చితుకుతుంది. మీ దగ్గర కుళ్లినవాటిలో కొన్ని అలా చితికినవే అయి ఉండొచ్చు. పప్పుకి గాటు పడితే అక్కడి నుంచే బూజు మొదలవుతుంది. గీత పడేదాకా కొట్టి, మిగతాది చేత్తో వలిచేయండి. పప్పు గుండ్రంగా, గట్టిగా, లేత పసుపు రంగులో ఉండాలి. ముడతలు పడ్డవి, నల్లమచ్చలున్నవి పారేయండి. ఇంత కష్టం వద్దనుకుంటే టెంకకి బీట పడేలా కొట్టి వదిలినా కొంత తొందరగా మొలుస్తాయి.

సంచులు 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తువి వాడండి. పొన్నకి తల్లివేరు బలంగా దిగుతుంది, పొట్టి సంచిలో అది అడుగు తాకి చుట్టలు చుట్టుకుంటుంది. రెండు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల గెత్తం కలపండి. బీచ్ ఇసుక వద్దు, నది ఇసుకే వాడాలి. పప్పుని అర అంగుళం లోతున, సంచికి ఒకటి చొప్పున పెట్టి పలచగా మట్టి కప్పండి. రోజూ తడి తగలాలి కానీ నీరు నిలవకూడదు. సంచి అడుగున, పక్కల కలిపి 8 బెజ్జాలైనా ఉండాలి. ఎలుకలు, ఉడతలు పప్పుని తవ్వుకుపోతాయి, అందుకని మొలిచేదాకా పైన ఇనుపజాలీ కప్పండి.

మొలక వచ్చాక మొదటి రెండు నెలలు సగం నీడ అవసరం. ఆ తర్వాత వారానికి కొంచెం చొప్పున ఎండకి అలవాటు చేయాలి. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు తెల్లబారి మాడుతుంది. అడుగున్నర ఎత్తు వచ్చేసరికి, అంటే మొలిచిన అయిదారు నెలలకి, నేలలో నాటొచ్చు. ఏడాదికి మించి సంచిలో ఉంచొద్దు.

మీ సంచుల్లో కదలకుండా ఉన్న పిక్కల్ని పారేయకండి. తీసి నీళ్లలో వేసి చూడొద్దు, టెంకతో ఉన్నది మంచిదైనా చెడ్డదైనా తేలుతుంది. పగలగొట్టి చూడండి. పప్పు గట్టిగా ఉంటే మళ్లీ పాతుకోవచ్చు.

ప్రశ్న: మాది కొండవాలు స్థలం. అడుగున్నర తవ్వితే రాయి తగులుతోంది. నిరుడు అక్టోబరులో 8 అడుగుల పొన్న మొక్క ఖరీదు పెట్టి తెచ్చి నాటాం. ఇప్పుడు పై కొమ్మలు కొసల నుంచి ఎండుతున్నాయి, మొదలు ఊపితే ఊగుతోంది. – ఎండాడ

జవాబు: మొదలు ఊగుతోందన్న మాటలోనే కారణం ఉంది. వేరు సంచి ముద్ద దాటి బయటి మట్టిలోకి పోలేదు. పెద్ద మొక్క అంటే ఎక్కువ కాలం సంచిలో ఉన్న మొక్క. వేళ్లు సంచి గోడ వెంట గుండ్రంగా తిరిగి ఉంటాయి. అలాగే దించేస్తే నేలలో కూడా అవి గుండ్రంగానే తిరుగుతాయి. పైన 8 అడుగుల ఆకు, కింద అడుగున్నర వేరు. ఎండాకాలం వచ్చేసరికి ఆ వేరు అంత ఆకుకి నీళ్లు అందించలేక పై నుంచి ఎండబెట్టుకుంటూ వస్తుంది. ఇది మొక్క తనని తాను కాపాడుకునే పద్ధతే.

నాటిన నెల కూడా తప్పింది. విశాఖలో అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. వేరు పట్టకముందే గాలి ఊపేస్తుంది, ఊగినప్పుడల్లా కొత్తగా వచ్చే సన్నవేళ్లు తెగుతుంటాయి. ఆ వెంటనే డిసెంబరు నుంచి నేల ఆరడం మొదలవుతుంది. నాటాల్సింది జూన్ చివర, జులై మొదట. అప్పుడైతే తుపాను నాటికి మూడు నాలుగు నెలల వేరు ఉంటుంది.

ఉన్న మొక్కని కాపాడుకోవాలంటే ముందు ఎండిన కొసల్ని పచ్చి కనిపించేదాకా కోయండి. పచ్చి కొమ్మల్ని కోయొద్దు, ఆకు ఉంటేనే వేరు పెరుగుతుంది. ఊతకర్రలు రెండు, మొదలుకి అటొకటి ఇటొకటి, అడుగున్నర దూరంలో పాతండి. పాత సైకిల్ ట్యూబు ముక్కతో ఎనిమిది అంకెలా చుట్టి, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర వదులుగా కట్టాలి. పైన బిగించి కడితే మొదలు బలపడదు. కొంచెం కదిలే వీలుండాలి. ఏడాది తర్వాత ఊత తీసేయండి, మరిచిపోతే ట్యూబు బెరడులో దిగిపోతుంది.

నీళ్లు మొదలు దగ్గర పోస్తున్నారేమో చూడండి. పాత ముద్దకి అర అడుగు బయట పోస్తే వేరు వెతుక్కుంటూ వస్తుంది. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 లీటర్లు, మెల్లగా ఇంకేలా పోయాలి. రోజూ చెంబెడు పోస్తే పైమట్టే తడుస్తుంది, వేరు పైనే ఉండిపోతుంది. పాదు మీద మూడు అంగుళాల మందాన ఎండుటాకులు, కొబ్బరిపీచు పరవండి. మొదలుకి మాత్రం తగలనివ్వకండి.

మళ్లీ నాటేవారికి కొండవాలు గురించి నాలుగు మాటలు. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. అది చాలా చోట్ల పుచ్చి ఎర్రగా మెత్తబడి ఉంటుంది, గునపంతో పొడిస్తే పొరలుగా ఊడుతుంది. అలాంటి చోట వేరు పగుళ్లలోకి దిగి పట్టు దొరికించుకుంటుంది. గునపం ఖంగుమని మోగి వెనక్కి తంతే ఆ చోటు వదిలేసి పది అడుగులు జరగండి. గొయ్యి 2 అడుగుల లోతు, 3 అడుగుల వెడల్పు. లోతు కుదరకపోతే వెడల్పు పెంచండి. తవ్వాక నిండా నీరు పోసి చూడాలి. మర్నాటికి ఇంకిపోతే సరే, ఇంకా నిలిచి ఉంటే అది రాతి గిన్నె, అందులో వేరు కుళ్లుతుంది. వాలుకి కింది వైపు గునపంతో ఒక గాడి కొట్టి నీరు పోయే దారి చేయండి.

తవ్విన మట్టినే తిరిగి వేసి, దాంట్లో నాలుగో వంతు మాగిన గెత్తం కలిపితే చాలు. గొయ్యి అంతా ఎరువుతో నింపితే రెండు వానలకి కుంగి మొక్క గుంటలో పడుతుంది, పైగా వేరు ఆ మెత్తటి చోటు దాటి రాదు. అడుగున్నర, రెండు అడుగుల మొక్కనే తీసుకోండి. సంచి చీల్చాక ముద్దని చూసి, చుట్టు తిరిగిన వేళ్లుంటే పదునైన కత్తితో పక్కల నిలువుగా మూడు గాట్లు పెట్టండి, అడుగున చుట్ట కట్టినదాన్ని కోసేయండి. వాలుకి కింది వైపు నెలవంక ఆకారంలో, 3 అడుగుల వెడల్పున, అడుగు ఎత్తున మట్టిగట్టు వేసి మీద రాళ్లు పేర్చాలి. వాన నీరు పరుగెత్తిపోకుండా అక్కడ ఆగి ఇంకుతుంది. అయిదేళ్లకి చూసుకుంటే ఈ చిన్న మొక్కే మీ 8 అడుగుల మొక్కని దాటి ఉంటుంది.

స్థలంలో మట్టి మరీ పలచగా ఉండి, నీళ్లు మోసుకెళ్లే వీలు లేకపోతే పొన్న బదులు పారిజాతం వేయండి. అది ఎండు కొండవాలుల చెట్టే. తెల్లరేకు, నారింజ కాడ. రాత్రి పూసి తెల్లారేసరికి నేల పరుస్తుంది. సముద్రం నేరుగా కొట్టే వైపు మాత్రం వద్దు.

ప్రశ్న: హుద్‌హుద్‌లో మా అపార్టుమెంటు ముందు తురాయి, పచ్చతురాయి చెట్లన్నీ పడ్డాయి. తర్వాత నాటిన పొన్నలు ఇప్పుడు 15 అడుగులున్నాయి. మళ్లీ తుపాను వస్తే పడతాయా? కొమ్మలన్నీ కొట్టించేస్తే మంచిదని ఒకరు సలహా ఇచ్చారు. – బీచ్‌రోడ్డు

జవాబు: కొమ్మలన్నీ కొట్టించేస్తే చెట్టు పడకపోవచ్చు, కానీ చెట్టూ ఉండదు. మోడు చేసిన చోట నుంచి గుత్తిగా లేచే కొత్త కొమ్మలకి పట్టు తక్కువ. మూడేళ్ల తర్వాత వచ్చే గాలికి ముందు విరిగేవి అవే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పూడిమడక దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అలాంటి గాలిలో ఏ చెట్టుకీ పూచీ ఇవ్వలేం. అయితే తేడా ఉంది. తురాయికి వేరు పైపైన, గొడుగు వెడల్పు, కలప మెత్తన. పొన్నకి కలప బరువు, నార గట్టిది. వెనకటికి పడవలకీ తెరచాప కొయ్యలకీ దాన్ని వాడింది ఈ గట్టిదనం చూసే. కొమ్మలు కింద నుంచే మొదలవుతాయి కాబట్టి బరువంతా పైన ఉండదు.

మీ చెట్ల విషయంలో చూడాల్సింది కొమ్మ కాదు, మొదలు. చుట్టూ టైల్స్, సిమెంటు వేసి రెండడుగుల చదరం వదిలి ఉంటే అదే అసలు ప్రమాదం. కనీసం 5 అడుగుల చదరం తెరిపించండి. కాలువ కోసమో కేబుల్ కోసమో ఒక పక్క వేరు నరికించారా అని కనుక్కోండి. అలా నరికిన చెట్టు దానికి ఎదురు వైపు పడుతుంది.

కత్తిరింపు మే నెలలో చేయించండి, ఒక్క ఏడాదిలో నాలుగో వంతు మించి తీయొద్దు. ఒకదానికొకటి రాసుకునేవి, ఎండినవి, మొదలుతో ఇరుకు మూలలో కలిసినవి ముందు తీయాలి. రోడ్డు వైపు ఎత్తు కావాలంటే ఏడాదికి రెండు మూడు కింది కొమ్మలే తీస్తూ నాలుగేళ్లలో 8 అడుగులకి తెచ్చుకోండి. లావు కొమ్మని మూడు కోతల్లో కోయాలి. మొదలుకి అడుగు దూరంలో కింది వైపు నుంచి పావు వంతు ఒకటి. దానికి రెండు అంగుళాలు బయటగా పై నుంచి రెండోది, దాంతో కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడుని మొదలు దగ్గర ఉబ్బుగా ఉండే మెడ వదిలి మూడో కోత. పై నుంచి ఒకే కోత పెడితే కొమ్మ పడుతూ మొదలు బెరడుని చీల్చుకుపోతుంది. కోత నుంచి కారే పాలు కళ్లలో పడితే మంట పెడతాయి, కోసేవారికి కళ్లద్దాలు, చేతితొడుగులు ఇవ్వండి. చెట్టు మొత్తం తీయించాలంటే మాత్రం వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: మా చెట్టు కింద ఏటా రెండు బస్తాల పొన్నపిక్కలు రాలుతున్నాయి. నూనె ఆడించుకోవచ్చా? దీపానికి, మోకాళ్ల నొప్పులకి పనికొస్తుందంటారు. – యారాడ

జవాబు: ఆడించుకోవచ్చు, కానీ తాజా పప్పు గానుగలో వేస్తే నూనె రాదు, జిగురు వస్తుంది. పొన్నలో నూనె ఎండేకొద్దీ తయారవుతుంది. టెంక పగలగొట్టి పప్పు తీసి, పలచగా పరిచి నెలన్నర, రెండు నెలలు ఎండబెట్టాలి. లేత పసుపు పప్పు ముదురు గోధుమ రంగుకి తిరిగి, వేళ్లతో నలిపితే జిడ్డు అంటుకుని, ఘాటు వాసన వచ్చినప్పుడు సిద్ధమైనట్టు. మధ్యలో ఒక్క వాన తడిసినా బూజు పడుతుంది. రాత్రిపూట లోపల పెట్టండి, సముద్రం పక్క మంచు తడి తక్కువేం కాదు.

బాగా ఎండిన పప్పులో బరువుకి సగం పైనే నూనె ఉంటుంది, గానుగలో అంతా రాదు. 10 కిలోలకి 4 కిలోలు వస్తే బాగా వచ్చినట్టే. ముదురు ఆకుపచ్చగా, చిక్కగా ఉంటుంది. వారం రోజులు కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి. ఇది తినే నూనె కాదు, కడుపులోకి పోకూడదు. అందుకని వేరుశెనగ, నువ్వులు ఆడే గానుగలో దీన్ని వేయించొద్దు. వేప, ఆముదం ఆడేచోట అడగండి. సీసా మీద పేరు రాసి వంటింటికి దూరంగా పెట్టండి.

దీపానికి వెనకటి నుంచీ వాడుకే. పొగ, వాసన ఉంటాయి కాబట్టి ఆరుబయట పెట్టుకోవాలి. నొప్పులకి పైపూతగా వాడేవారున్నారు. ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి, దద్దురు వస్తే మానేయండి. పుండ్ల మీద, చిన్నపిల్లలకి వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరుని అడగకుండా రాసుకోవద్దు. మోకాలు వాచి వేడిగా ఉంటే అది నూనెతో పోయే నొప్పి కాదు.

ప్రశ్న: నాటి అయిదేళ్లయింది, ఒక్క పువ్వూ లేదు. ఎరువేమైనా వేయాలా? – గాజువాక

జవాబు: వద్దు. విత్తు నుంచి పెరిగిన పొన్న ఏడెనిమిదేళ్లకి పూత మొదలుపెడుతుంది. యూరియా వేస్తే ఆకు పెరిగి పూత ఇంకా వెనక్కి పోతుంది. రోజులో ఆరు గంటలు ఎండ పడుతోందా అన్నది మాత్రం చూడండి.

ప్రశ్న: ఇంటి ఎదుట పొన్న ఉండకూడదంటున్నారు, నిజమా? – పెందుర్తి

జవాబు: వాస్తు సంగతి వాస్తు తెలిసినవారినే అడగండి. మాకు తెలిసిన అభ్యంతరం ఒక్కటే. గోలీల్లాంటి కాయలు గచ్చు మీద రాలి, పొద్దున్నే చీకట్లో నడిచేవారి కాలి కింద దొర్లుతాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో నడిచే దారి మీదికి కొమ్మ రాకుండా నాటుకోండి.

ప్రశ్న: నేల లేదు, మూడో అంతస్తు బాల్కనీ, సముద్రం ఎదురుగా. దేవగన్నేరు కుండీలో పెట్టాం. ఆకుల అడుగున నారింజ రంగు పొడి వచ్చి రాలిపోతున్నాయి. – ఎంవీపీ కాలనీ

జవాబు: అది తుప్పు తెగులు, దేవగన్నేరుకి మామూలే. చెట్టు చావదు, కానీ ఏటా బలహీనపడుతుంది. పొడి ఉన్న ఆకుల్ని కోసి కవర్లో కట్టి పారేయండి. కుండీలోనే వదిలితే ఆ పొడి మళ్లీ ఎగురుతుంది. నీళ్లు మొదట్లో పోయండి, ఆకు మీద చల్లొద్దు. ఉప్పు కడగాల్సి వస్తే పొద్దున్నే కడిగితే ఎండకి ఆరిపోతుంది. తెగులు ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయండి, పది రోజులకి ఇంకోసారి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, గాలి కింది అంతస్తు మీదికి వీస్తుంటే ఆ పూట మానేయండి.

కొత్త మొక్క కట్టుకోవాలంటే ఫిబ్రవరి, మార్చిలో, ఆకు లేనప్పుడు, బొటనవేలి లావు కొమ్మని అడుగు పొడవు కోయండి. పాలు కారడం ఆగి కోత ఎండేదాకా వారం పది రోజులు నీడలో పడుకోబెట్టండి. పచ్చికోతతో పాతితే మొదలు మెత్తబడి కుళ్లుతుంది, ఎక్కువమందికి పోయేది ఇక్కడే. సగం ఇసుక, సగం ఎర్రమట్టిలో మూడు అంగుళాల లోతున పాతి, ఒకసారి తడిపి, చిగురు వచ్చేదాకా మట్టి పూర్తిగా ఆరితేనే మళ్లీ నీళ్లు. కుండీ 14 అంగుళాలది చాలు. బాల్కనీ గాలికి పడిపోకుండా అడుగున రెండు ఇటుక ముక్కలు వేయండి, నీరు పోయే బెజ్జాన్ని మాత్రం అవి మూయకూడదు.